ఆడ్రియాటిక్ తీరమున వేసవి విడిది

ఐరోపా ఖండమున జూలై, ఆగస్టు నెలలు నడివేసవి మాసములు. దీర్ఘమైన శీతకాలమును మబ్బులలోను మంచులోను గడపిన మధ్య ఐరోపా ప్రజలు ఈ నెలలలో ఎండను, వెచ్చని నీటిని కోరి దక్షిణ దిశగా పయనింతురు. జర్మనీ, ఆస్ట్రియా, చెక్ రిపబ్లిక్, హంగరీ, పోలండు మున్నగు దేశముల కుటుంబములలో పెక్కింటికి కారులో చేరదగినంత దూరమున నున్న వెచ్చని సముద్రము ఆడ్రియాటిక్. అందువలన ఏటేట లక్షలకొలది కుటుంబములు అచట వేసవి విడిది చేయుచున్నవి.

ఇట్టి యాత్రను పసిపిల్లలతో చేయుట ఒక రీతి. పదుమూడు మొదలు పందొమ్మిదేండ్ల వరకు వయస్సు గల పిల్లలతో చేయుట వేరొక రీతి. పసిబిడ్డకు పిడికెడు ఇసుకయు చిన్న బొక్కెనయు నున్న చాలును. ఎదిగిన పిల్లలకు సొంత అభిరుచులు ఏర్పడును. తమ మాటకు విలువ ఉండవలెనను కోరికయు పుట్టును. అన్నియు పెద్దలే నిర్ణయించి వారిని వెంట గొనిపోయినచో వారి దేహము తీరమునను, మనస్సు వేరొక చోటను ఉండును. అట్లని సర్వమును వారి ఇష్టమునకే విడిచినచో, సముద్రము ఎవరి పొరపాటును మన్నించునది కాదు. ఈ రెంటి నడుమ మార్గమును కనుగొనుటయే మంచి ప్రణాళిక. విద్యార్థులారా! మీరును ఈ వయస్సు వారే. కావున ఇది తల్లిదండ్రులకు మాత్రమే సంబంధించిన పని యని తలపక, ఇందు మీ పాత్ర ఏమో గమనింపుడు.

ముందుగా ఆ సముద్రమును గూర్చి తెలిసికొందము. ఇటలీ ద్వీపకల్పమునకును బాల్కన్ ద్వీపకల్పమునకును నడుమ, వాయవ్యము నుండి ఆగ్నేయమునకు ఆడ్రియాటిక్ వ్యాపించియున్నది. ఇది మధ్యధరా సముద్రములో ఒక భాగము. దీని పొడవు సుమారు 800 కిలోమీటర్లు. ఉత్తర భాగమున లోతు తక్కువ. దక్షిణ భాగమున 1200 మీటర్లకు మించిన లోతు కలదు. ఇటలీ, స్లోవేనియా, క్రొయేషియా, బోస్నియా హెర్జెగోవినా, మాంటినీగ్రో, అల్బేనియా అను ఆరు దేశములు దీని తీరమున నున్నవి.

పడమటి తీరము ఇటలీది. అచట నేల చాలవరకు చదునైనది. పో మున్నగు నదులు తెచ్చిన ఒండ్రుమట్టియు ఇసుకయు ఉత్తర భాగమున పేరుకొన్నవి. రిమిని వంటి పట్టణములలో ఇసుకతీరము కిలోమీటర్ల కొలది సాగును. నీటిలోనికి చాల దూరము నడచినగాని లోతు రాదు. తూర్పు తీరము ఇందుకు భిన్నము. అచట సున్నపురాతి పర్వతములు సముద్రపుటంచు వరకు వచ్చి నిలిచినవి. తుది మంచుయుగము ముగిసి సముద్రమట్టము పెరిగినప్పుడు ఆ పర్వతశ్రేణుల నడిమి లోయలు మునిగిపోయినవి. ఎత్తైన భాగములు ద్వీపములై మిగిలినవి. కావుననే ఆ ద్వీపములు తీరమునకు సమాంతరముగా వరుసలు తీరియుండును. క్రొయేషియా దేశపు తీరప్రాంతమైన డాల్మేషియా పేరు మీదుగా, ఇట్టి తీరము ప్రపంచమున ఎచటనున్నను భూగోళ శాస్త్రజ్ఞులు దానిని డాల్మేషియన్ తీరమనియే పిలుచుచున్నారు. క్రొయేషియాకు చిన్నవియు పెద్దవియు కలిపి వేయికి మించిన ద్వీపములు కలవు. వానిలో జనులు స్థిరముగా నివసించునవి సుమారు 50 మాత్రమే.

తూర్పు తీరపు నీరు మిక్కిలి నిర్మలముగా నుండును. ఆడ్రియాటిక్ లోని ప్రవాహము దక్షిణము నుండి తూర్పు తీరము వెంట పైకి వచ్చి, ఇటలీ తీరము వెంట క్రిందికి దిగును. అందువలన స్వచ్ఛమైన సముద్రజలము తూర్పు తీరమునకు ముందుగా చేరును. మఱియొక కారణము సున్నపురాయి. ఆ నేలపై పడిన వాననీరు పగుళ్ల గుండ బూమిలోనికి ఇంకిపోవును గాని మట్టిని కోసికొని సముద్రమున కలుపదు. ఇంకిన నీరు కొన్నిచోట్ల సముద్రగర్భమునుండి ఊటలై పైకి వచ్చును. మకార్స్కా అను పట్టణపు ప్రాంతమున ఈదువారికి వెచ్చని నీటి నడుమ హఠాత్తుగా చల్లని నీరు తగులుటకు ఈ ఊటలే కారణము.

ఈ భూగోళ విషయములు యాత్రకు ఏల యని మీరు అడుగవచ్చును. విడిది చేయవలసిన చోటును నిర్ణయించునవి ఇవియే. మెల్లమెల్లగా లోతు పెరుగు ఇసుకతీరము చిన్నపిల్లలకు అనుకూలము. ఈత నేర్చి, నీటిలో మునిగి చేపలను చూడగోరు పిల్లలకు, చిన్న పడవను తెడ్డుతో నడుపగోరు వారికి, దినమునకొక ద్వీపమును చూడగోరు వారికి తూర్పు తీరము తగినది. కాని అచట ఇసుక అరుదు. గులకరాళ్లు, బండలు మెండు. బండల పగుళ్లలో సీ అర్చిన్ అను నల్లని ముండ్లబంతి వంటి జీవులు అంటుకొని యుండును. వాని ముల్లు అరికాలిలో దిగి విరిగినచో రెండు మూడు దినముల సంతోషము చెడును. రబ్బరు అడుగు గల నీటిచెప్పులు నలుగురికి నాలుగు జతలు కొనుట ఈ యాత్రకు తొలి ఖర్చు.

ఇక ప్రణాళికకు వత్తము. నిర్ణయింపవలసిన విషయములను మూడు తెగలుగా విభజింపవచ్చును. మొదటి తెగలోనివి కుటుంబములో ఎవరి ఇష్టాయిష్టములకును లొంగనివి: పాఠశాలల సెలవులు, ప్రభుత్వ నిబంధనలు, గాలి, ఎండ, సముద్రము. రెండవ తెగలోనివి అందరును కూర్చుండి నిర్ణయింపదగినవి: విడిది చోటు, మార్గము, వ్యయము. మూడవ తెగలోనివి పిల్లలకే విడువదగినవి. ఏ విషయము ఏ తెగకు చెందునో ముందుగా అందరికిని స్పష్టముగా చెప్పినచో సగము కలహములు పుట్టకయే పోవును. నిషేధము పిల్లలకు కష్టముగా తోచుట దానివలన కాదు. దాని కారణము తెలియకపోవుటవలన.

ఉదాహరణకు జర్మనీ దేశమున మ్యూనిక్ నగరమున నివసించు ఒక కుటుంబమును ఊహించుకొందము. తల్లి, తండ్రి, పదునారేండ్ల కుమార్తె, పదుమూడేండ్ల కుమారుడు. వారికి రెండు వారముల కాలము కలదు. సొంత కారు కలదు.

మొదట సెలవుల సంగతి. మ్యూనిక్ నగరము బవేరియా రాష్ట్రములోనిది. ఆ రాష్ట్రమున పాఠశాలల వేసవి సెలవులు సుమారు ఆగస్టు ఆరంభమున మొదలై సెప్టెంబరు రెండవ వారము వరకు ఉండును. ఆగస్టు మొదటి పక్షమున ఇటలీవారికిని సెలవులే; ఆ నెల 15వ తేది వారికి గొప్ప పండుగ. అప్పుడు తీరమంతయు క్రిక్కిరిసి యుండును. అద్దెలు ఆకాశము నంటును. కాని సెప్టెంబరు మొదటి దినములలో క్రొయేషియాలోను, ఆస్ట్రియా తూర్పు భాగమునను పాఠశాలలు తెరచుదురు. జనము పలుచబడును. సముద్రము భూమికన్న మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారును గనుక నీరు అప్పటికిని వెచ్చగనే యుండును. కావున ఆగస్టు చివర బయలుదేరి సెప్టెంబరు రెండవ వారమునకు ముందు తిరిగివచ్చుట ఈ కుటుంబమునకు మేలు. వివిధ రాష్ట్రముల, దేశముల సెలవుల పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి ఈ సంగతిని కనిపెట్టు పనిని పదుమూడేండ్ల కుమారునికే అప్పగింపవచ్చును. దానివలన ఇంటికి ఎంత ధనము మిగులునో లెక్కవేసి చూపినచో అతడు తన మాటకు గల విలువను తానే తెలిసికొనును.

రెండవది ప్రభుత్వ నిబంధన. క్రొయేషియా 2023 జనవరి 1వ తేదిన యూరోను తన నాణెముగా స్వీకరించినది. ఆనాడే షెంగెన్ కూటమిలో చేరినది. ఆ కూటమి దేశముల నడుమ సరిహద్దు తనిఖీలు సాధారణముగా ఉండవు. అయినను ప్రభుత్వములు తాత్కాలికముగా తనిఖీలను విధించుట కలదు. కనుక అందరి గుర్తింపు పత్రములును చేతిలో నుండవలెను. జర్మనీలో నివాసానుమతి పొంది ఉద్యోగములు చేయుచున్న తెలుగు కుటుంబములు తమ పాస్‌పోర్టులతోను ఆ అనుమతి పత్రములతోను కొద్ది దినముల యాత్రకు క్రొయేషియాకు వేరు వీసా లేకయే పోవచ్చును. కాని బోస్నియా, మాంటినీగ్రో, అల్బేనియా ఆ కూటమిలో లేవు. ఆ దేశములలో అడుగుపెట్టదలచినచో వాని నియమములను ముందుగా తెలిసికొనవలెను.

సమాచారము ఏ సంవత్సరమునాటిదో చూచుకొనుట చాల ముఖ్యము. క్రొయేషియా తీరమును నేయుమ్ అను ఊరి వద్ద సుమారు 20 కిలోమీటర్ల బోస్నియా తీరము రెండుగా చీల్చుచున్నది. పూర్వము స్ప్లిట్ నుండి డుబ్రోవ్నిక్ నకు రోడ్డున పోవువారు ఆ కొద్దిపాటి దూరములో రెండు మారులు సరిహద్దు దాటవలసి వచ్చెడిది. 2022 జూలైలో పెల్యేషాత్స్ వంతెనను తెరచినందున ఇప్పుడు ఆ అవసరము లేదు. పాత మార్గదర్శక గ్రంథమును నమ్మినవారికి ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు రెండవ తెగ. మ్యూనిక్ నుండి స్ప్లిట్ నగరము రోడ్డున సుమారు 900 కిలోమీటర్లు. ఇస్ట్రియా ద్వీపకల్పము ఇంకను దగ్గర. డాల్మేషియా తీరమున అద్దె ఇండ్లను పెక్కుచోట్ల శనివారము నుండి శనివారము వరకు లెక్కగట్టి ఇత్తురు. కావున వేసవి శనివారములలో ఆల్ప్స్ పర్వతముల సొరంగముల వద్దను, సరిహద్దుల వద్దను కార్లు బారులు తీరి గంటలకొలది నిలిచిపోవును. వేరొక దినమున బయలుదేరుటకు వీలగు ఇంటిని వెదకుట, త్రోవలో ఒక రాత్రి ఆగుట మంచిది.

వారు నలుగురును పటము ముందు కూర్చుండి ఇట్లు నిర్ణయించిరనుకొందము. మొదటి రాత్రి స్లోవేనియా రాజధానియైన లూబ్లియానాలో. పిమ్మట మూడు రాత్రులు జాదర్ నగరమున. ఆరు రాత్రులు బ్రాచ్ ద్వీపమున. మూడు రాత్రులు స్ప్లిట్ లో. తుది రాత్రి ప్లిట్విచే సరస్సుల వద్ద. మొత్తము పదునాలుగు రాత్రులు. ఈ వరుసలో ఒక రహస్యము కలదు. ద్వీపమును యాత్ర చివర కాక నడుమ పెట్టినారు. గాలివానలు వచ్చినప్పుడు నౌకలు ఆలస్యమగును, ఒక్కొక్కప్పుడు ఆగిపోవును. ద్వీపమున చిక్కుకొనినను ఇంటికి చేరవలసిన దినమునకు ఇంకను వ్యవధి యుండవలెనను జాగ్రత్తయే ఇందలి భావము. విమానమున తిరిగి పోవువారు ముందటి రాత్రి ద్వీపమున నిద్రింపరాదనుట ఆ తీరమున అనుభవజ్ఞులు పాటించు నియమము.

కుమార్తెకు డుబ్రోవ్నిక్ చూడవలెనని కోరిక. ఆ కోరిక ఉచితమైనదే. సుమారు రెండు కిలోమీటర్ల పొడవు గల కోటగోడల నడుమ వెలసిన ఆ నగరము ఒకప్పుడు స్వతంత్ర రిపబ్లిక్. అంటువ్యాధులను అరికట్టుటకై, వ్యాధిగ్రస్త ప్రదేశములనుండి వచ్చినవారు నగరమున ప్రవేశించుటకు ముందు ముప్పది దినములు వెలుపల వేచియుండవలెనని 1377లోనే అచట శాసనము చేసిరి. 1667లో భూకంపము ఆ నగరమును కూల్చివేసినది. 1991, 1992 సంవత్సరములలో యుద్ధమున అది ముట్టడికి గురియైనది. కాలిన ఇండ్లకు వేసిన క్రొత్త పెంకులు పాత పెంకుల నడుమ వేరు రంగుతో కనబడును. కాని స్ప్లిట్ నుండి అచటికి 200 కిలోమీటర్లకు పైగా కలదు. ఒక దినమున పోయి వచ్చినచో ఎక్కువ కాలము కారులోనే గడచును. జాదర్ ను విడిచినగాని డుబ్రోవ్నిక్ నకు మూడు దినములు దొరకవు. రెండును కావలెననుట కోరిక. ఒకదానిని ఎన్నుకొనుట ప్రణాళిక. ఈ ఎన్నిక నలుగురి సమ్మతితో జరిగినచో, విడిచినదానిని గూర్చి త్రోవ పొడవున ఎవరును సణుగుకొనరు.

వ్యయమును దాచుట తగదు. ఎదిగిన పిల్లలకు ఇంటి లెక్కలు తెలియవలెను. ప్రయాణము, విడిది, ఆహారము, వినోదము అని నాలుగు భాగములు చేసి, మొదటి రెండును ముందే స్థిరపడునవనియు, తక్కిన రెండును అచటి నడవడిపై ఆధారపడుననియు చూపవలెను. అద్దె ఇంటిలో వంటగది యున్నచో వ్యయము చాల తగ్గును. స్ప్లిట్ లో పాత రాజభవనపు తూర్పు గోడ ప్రక్కనే కూరగాయల అంగడి కలదు. బ్లిట్వా అను ఆకుకూరను బంగాళాదుంపలతో ఉడికించి ఓలివ్ నూనె కలిపి తినుట డాల్మేషియావారి నిత్యభోజనము. శాకాహారులకు అది చక్కగా సరిపడును. విడిది చేయువారు దినమునకింత యని చెల్లింపవలసిన పన్ను ఒకటి కలదు. క్రొయేషియాలో పండ్రెండేండ్ల లోపువారికి ఈ పన్ను లేదు. పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్ల లోపువారికి సగము. పిల్లలును కాక, పెద్దలును కాక నడుమనున్న వయస్సును ప్రభుత్వమే గుర్తించినదన్నమాట! వినోదమునకై కేటాయించిన ధనములో ప్రతి పిల్లకును ఒక భాగమును యాత్రారంభమునందే ఇచ్చివేయుట మేలు. అడుగడుగున చేయి చాచుటకన్న, ఉన్నదానిని పదునాలుగు దినములకు సరిపెట్టుకొనుట గౌరవము.

మూడవ తెగ పిల్లలది. ప్రతివారికిని ఒక పూర్తి దినమును ఇచ్చి, ఆ దినపు కార్యక్రమమును వారే నిర్ణయించి, వేళలు కనుగొని, తక్కినవారిని నడిపింపవలెనని ఏర్పాటు చేయవచ్చును. జాదర్ లో ఒక దినమును కుమార్తె ఎన్నుకొనవచ్చును. అచట నికోలా బాషిచ్ అను వాస్తుశిల్పి రూపకల్పన చేసిన సముద్రవాద్యము 2005లో వెలసినది. తీరపు రాతిమెట్ల క్రింద గొట్టములు అమర్చియున్నవి. అల వచ్చి లోనికి గాలిని నెట్టినప్పుడు అవి మ్రోగును. వాయించువాడు సముద్రుడే గనుక ఒక నిమిషమున వినబడిన స్వరము మరునిమిషమున వినబడదు. కుమారుడు బ్రాచ్ ద్వీపమును ఎన్నుకొనవచ్చును. స్ప్లిట్ నుండి కార్లను సైతము ఎక్కించుకొను పెద్ద నౌక యాబది నిమిషములలో ఆ ద్వీపమునకు చేర్చును. ద్వీపపు దక్షిణ తీరమున బోల్ అను ఊరి వద్ద జ్లాత్ని రాత్ అను గులకరాళ్ల తీరము నాలుకవలె సముద్రములోనికి సాగియున్నది. గాలిని, ప్రవాహమును బట్టి దాని కొన ఇటునటు తిరుగుచుండును. తెరచాప కట్టిన పలకపై నిలిచి నీటిమీద సాగు క్రీడను అచట నేర్పుదురు.

చరిత్రయందు ఆసక్తి గల పిల్లలకు అచట కొరత లేదు. రోమను చక్రవర్తి డయొక్లీషియన్ 305లో సింహాసనమును విడిచి, తన శేషజీవితమును గడపుటకు కట్టించుకొన్న కోట వంటి రాజభవనమే స్ప్లిట్ నగరమునకు నడిబొడ్డు. ఆ గోడల నడుమ నేటికిని ప్రజలు కాపురముండి బట్టలు ఆరవేసికొనుచున్నారు. హ్వార్ ద్వీపమున గ్రీకులు క్రీస్తు పూర్వము నాలుగవ శతాబ్దిలో రాతిగోడలతో పంచుకొన్న పొలముల సరిహద్దులు ఇప్పటికిని నిలిచియున్నవి. కోర్చులా ద్వీపవాసులు మార్కో పోలో తమ ఊరివాడే యని చెప్పుకొందురు, చరిత్రకారులందరును అంగీకరింపలేదు. అతడు ఆడ్రియాటిక్ నగరమైన వెనిస్ పౌరుడనుట మాత్రము నిజము. ఆ మార్కో పోలో తన యాత్రా వృత్తాంతమున ముత్ఫిలి అను రాజ్యమును, దానిని న్యాయముగా పాలించిన రాణిని, అచటి వజ్రములను, సన్నని వస్త్రములను వర్ణించెను. ముత్ఫిలి యనగా మన మోటుపల్లి రేవనియు, ఆ రాణి కాకతి రుద్రమదేవి యనియు పండితులు గుర్తించిరి. ఆడ్రియాటిక్ తీరమున విహరించు తెలుగు బాలుడు ఈ సంగతిని ఎరిగియున్నచో ఆ సముద్రము అతనికి పరాయిదిగా తోచదు.

పిల్లల దినచర్యను గూర్చి ఒక మాట. ఎదుగు వయస్సున శరీరమునందలి గడియారము వెనుకకు జరుగును; రాత్రి నిద్ర ఆలస్యముగా వచ్చును, ఉదయము మెలకువ ఆలస్యమగును. ఇది సోమరితనము కాదు, ప్రకృతి. డాల్మేషియా జీవనక్రమము దీనికి చక్కగా పొసగును. అచట మధ్యాహ్నపు ఎండలో ఎవరును బయట తిరుగరు. ఆ వేళ మనుష్యుని ఆవరించు తియ్యని మందకొడితనమునకు వారి భాషలో ఫ్యాకా అని పేరు. సాయంకాలము కాగానే ఊరంతయు రేవు వెంట నడచుటకు బయలుదేరును. వీథులలో పక్కవాద్యములు లేకుండ పలువురు గొంతు కలిపి పాడు క్లాపా గానము వినబడుచుండును. దీనిని యునెస్కో 2012లో మానవాళి వారసత్వ సంపదలలో చేర్చినది. కావున ప్రతిదినమును తెల్లవారుజామున పిల్లలను లేపి పరుగెత్తింప నక్కరలేదు. ఒకనాడు పెందలకడ లేచి కొండ యెక్కినచో మరునాడు తీరిక. రెండు వారములలో ఏ పనియు లేని దినములు నాలుగైన నుండవలెను.

సముద్రపు నియమములకు మాత్రము ఇట్టి సడలింపు లేదు. ఆడ్రియాటిక్ గాలులలో మూడింటిని పిల్లలు పేరు పేరున ఎరిగియుండవలెను. వేసవి మధ్యాహ్నములలో వాయవ్యము నుండి వీచు మాయెస్ట్రల్ చల్లని స్నేహితుడు, తెరచాపలకు అనుకూలుడు. ఆగ్నేయము నుండి వచ్చు యూగో ఉక్కను, మబ్బును, పెద్ద అలలను తెచ్చును. ఈశాన్యము నుండి కొండలు దిగి వచ్చు బూరా అన్నిటికన్న ప్రమాదకరము. వెలెబిట్ పర్వతశిఖరములపై తెల్లని మబ్బు టోపీవలె కూర్చున్నచో బూరా రానున్నదని అచటివారు గ్రహింతురు. అది నేలనుండి సముద్రము వైపునకు కొట్టును. తీరమున నీరు ప్రశాంతముగ కనబడుచుండగనే, గాలి నింపిన పరుపుపై పడుకొన్న బాలుని అది క్షణములలో నడిసముద్రమునకు నెట్టగలదు. అట్టి దినమున గాలిపరుపు నీటిలో దింపరాదు. ఈ నియమము చర్చకు వచ్చునది కాదు.

మరికొన్ని నియమములును అట్టివే. లోతు ఎరుగని చోట బండపైనుండి తలక్రిందుగా దూకరాదు. ఒంటరిగా ఈదరాదు. పడవలు తిరుగు చోటికి, హద్దుగా కట్టిన తేలుబుడ్లను దాటి పోరాదు. నడిపగటి ఎండలో దేహమును కప్పుకొనవలెను. వేసవిలో దేవదారు జాతి వృక్షముల అడవులు ఎండి యుండును; 2017 జూలైలో రేగిన కార్చిచ్చు స్ప్లిట్ నగరపు శివారుల వరకు వచ్చినది. కావున అడవిలో నిప్పు చేయుట ఘోరమైన అపరాధము. ఆపద కలిగినప్పుడు పిలువవలసిన సంఖ్య 112. దీనిని ఫోనులో దాచుకొనుట చాలదు, నోటికి రావలెను.

అతిథి ధర్మము కూడ ప్రణాళికలో భాగమే. ద్వీపములలో మంచినీరు అరుదు. పూర్వము వాననీటిని తొట్లలో పట్టి ఏడాది పొడవున వాడుకొనెడివారు. నేడు కొన్నింటికి గొట్టములలో నీరు వచ్చుచున్నను వేసవిలో జనులు పలురెట్లు పెరుగుదురు. స్నానపు నీటిని పొదుపు చేయుట మర్యాద. రాతిని తొలుచుకొని లోపల పెరుగు ఒక జాతి ఆలుచిప్పను ఎవరైన తినుమని ఇచ్చినచో నిరాకరింపవలెను. అది వ్రేలెడు పెరుగుటకు దశాబ్దములు పట్టును. దానిని తీయుటకు సముద్రపు బండను పగులగొట్టవలెను. అందుచే దానిని పట్టుట, అమ్ముట నిషిద్ధము. క్ర్కా నది జలపాతముల వద్ద ఒకప్పుడు ఈదనిచ్చెడివారు. జనసమ్మర్దము వలన అచటి ప్రకృతికి హాని కలుగుచుండుటచే ప్రధానమైన స్క్రాదిన్స్కి బుక్ జలపాతము వద్ద 2021 నుండి ఈత నిషేధించిరి. ప్లిట్విచే సరస్సులలోను ఈత నిషిద్ధమే. చూచి ఆనందించుటయే తప్ప వాడి పాడుచేయరాని చోట్లు కొన్ని ఉండునని పిల్లలు అచట నేర్తురు.

ఇన్ని ఏర్పాట్లు చేసినను కొన్ని తప్పిపోవును. ఒకనాడు వాన కురియును; ఒకనాడు నౌకలో చోటు దొరకదు. ప్రణాళికలో పాలుపంచుకొన్న పిల్లలు అప్పుడు పెద్దలను నిందింపక, మరియొక త్రోవను వెదకుదురు. ఏలయన చెడినది పెద్దల యాత్ర కాదు, తమ యాత్ర. పదునారేండ్లు వచ్చిన బిడ్డను స్నేహితునివలె చూడవలెనని మన పెద్దలు చెప్పుటలోని భావమును ఇదియే. స్నేహితునికి హక్కులతో పాటు బాధ్యతలును ఉండును.

స్ప్లిట్ నగరమున బాచ్విత్సె అను ఇసుకతీరము కలదు. అచట మోకాలిలోతు నీటిలో పిసిగిన్ అను ఆటను ఆడుదురు. సాధారణముగా ఐదుగురు వలయముగా నిలిచి, ఒక చిన్న బంతి నీటిని తాకకుండ చేతులతో కొట్టుచుందురు. ఈ ఆటలో ఎదురు పక్షము లేదు. లెక్కించుటకు గెలుపోటములు లేవు. బంతి నీట పడకుండ చూచుట అందరి పని. ఒకరు దూకి అందుకొనిన బంతిని ఎవరికి అందునో చూచి మరియొకరికి ఇచ్చుటలోనే నేర్పున్నది. తల్లిదండ్రులును ఎదిగిన బిడ్డలును కలిసి చేయు యాత్రకు కావలసిన నేర్పును అంతియే.